టైపు అక్క లేపే మూడు యంత్రాలు

మా న్యాయ సహాయ కేంద్రం కళ్లద్దాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు తలుపు తాళం తీసేదీ, ఆ వెంటనే యంత్రాలను లేపేదీ ఒకే మనిషి. వయసు యాభై నాలుగు. ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ, నడక మాత్రం ఆరడుగుల మనిషిది. కోర్టులో ఇరవై ఆరేళ్లు టైపిస్టుగా చేసి వచ్చింది గనుక అందరూ టైపు అక్క అంటారు. ఆవిడకంటే పదిహేనేళ్లు పెద్దవారైన మా పెద్ద వకీలు గారు కూడా అక్కా అనే పిలుస్తారు. ఒకసారి పేరు పెట్టి పిలిస్తే ఆవిడ పలకలేదట.

యంత్రాలంటే మా గదిలో కనిపించేవి కావు. క్లౌడ్ కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న మూడు వర్చువల్ మెషీన్లు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల కంప్యూటర్లుంటాయి. వాటి శక్తిలో కొంత భాగాన్ని విడదీసి, మనకంటూ ఒక కంప్యూటరు ఉన్నట్టే వాడుకోనిస్తారు. నడిచినంతసేపే అసలు అద్దె. ఆపేస్తే లోపలి కాగితాలు ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే సాయంత్రం ఆరింటికి ఆపడం, పొద్దున్నే లేపడం.

అక్క వాటికి పేర్లు పెట్టింది. కక్షిదారుల కాగితాలన్నీ దాచేది బీరువా. అడిగిన కాగితాన్ని వెతికి తెచ్చేది గుమాస్తా. ఎవరిని లోపలికి రానివ్వాలో చూసేది వాకిలి. లేవడం కూడా అదే వరసలో: బీరువా పూర్తిగా లేచాకే గుమాస్తా, చివర వాకిలి.

"బీరువా తెరవకుండా గుమాస్తాని కూర్చోబెడితే ఏం చేస్తాడు? గోళ్లు గిల్లుకుంటాడు" అనేది.

కంపెనీ వెబ్‌సైటులో మీట నొక్కినా యంత్రాలు లేస్తాయి. మొదట్లో అలాగే లేపేవారు. ఒకరోజు పెద్ద వకీలు గారు సాయం చేద్దామని ఉత్సాహపడి, 'ప్రారంభించు' పక్కనున్న 'తొలగించు' మీద వేలు పెట్టారు. "నిజంగానేనా?" అని ఆ పేజీ అడగబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే అక్క ప్రకటించింది: "ఇక మీట నొక్కేది లేదు. ప్రోగ్రాము రాస్తాను. చేత్తో చేస్తే తప్పు రోజుకో చోట దొర్లుతుంది. రాసిపెడితే ఒక్కచోటే కూర్చుంటుంది, పట్టుకోవచ్చు."

అప్పటికి ఆవిడకు నలభై తొమ్మిదేళ్లు, ప్రోగ్రాము అనేదాన్ని కంటితో చూసి ఎరగదు. కంపెనీవారు క్లయింట్ లైబ్రరీ అని ఒకటి ఇస్తారు. తమ యంత్రాలతో మన ప్రోగ్రాము మాట్లాడటానికి వారే రాసిపెట్టిన కోడ్ అది. ఏ కార్యాలయంలో ఏ అర్జీ ఎలా పెట్టాలో ముందే అచ్చువేసి ఇచ్చిన ఫారాల కట్ట లాంటిది. ఆగిన యంత్రాన్ని ఎలా లేపాలో చూపించే నమూనా కూడా అందులో ఉంటుంది. అక్క దాన్ని గీతల నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసుకుని, ఆ తర్వాత టైపు చేసింది. నమూనా పైన కాపీహక్కుల ప్రకటన పది పన్నెండు వరసలుంటే దాన్నీ వదల్లేదు. 'ఇక్కడ మీ ప్రాజెక్టు పేరు' అని ఉన్నచోట, అక్షరం పొల్లుపోకుండా, 'ఇక్కడ మీ ప్రాజెక్టు పేరు' అనే టైపు చేసింది. అలాంటి ప్రాజెక్టు తమ దగ్గర లేదని జవాబు వచ్చింది.

ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడ భర్త. కింది దుకాణంలో కళ్లద్దాలు అరగదీసే పని ఆయనది. నేను బావగారూ అంటాను.

"సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టడం అలవాటు కదమ్మా. సొంతంగా ఒక్క ముక్క కలపదు. ఇంట్లో నాతోటే కలుపుతుంది."

"మీరు మాట్లాడేదాంట్లో ముక్కలు తక్కువవుతాయి, అందుకని" అంది అక్క అటు తిరగకుండానే.

కోర్టు నుంచి ఆవిడ తెచ్చుకున్న అలవాటు మరొకటి ఉంది: పోల్చడం. అసలు ప్రతిని ఒకరు పైకి చదువుతుంటే, నకలును మరొకరు వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. కామా కూడా పైకి చదవాలి. ప్రోగ్రాములో ఒక్క వరస మారినా అక్క ఎవరినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని పోల్చేది. ఎక్కువసార్లు ఆ ఒకరు నేనే. న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుని రెండేళ్లయింది. ప్రపంచం బాగుపడటానికి అవసరమైనదానికంటే ఎక్కువ సమయం తీసుకుంటోందని నా నిశ్చితాభిప్రాయం. అలాంటి నేను "చుక్క, బ్రాకెట్టు, కామా" అంటూ కూర్చోవలసి వచ్చేది.

"అక్కా, ఈ సమయంలో ఒక పిటిషను రాయొచ్చు."

"రాయొచ్చు. దాన్ని కూడా పోల్చాలి. చదువు."

ఇంతలో డ్రైవరమ్మ కేసు వచ్చింది. పదకొండేళ్లుగా పాఠశాల బస్సు నడుపుతున్న మనిషి. కంటి పరీక్షకు రమ్మని రవాణా కార్యాలయం ఆమెకు నోటీసు పంపింది, కానీ పాత చిరునామాకు. కొత్త చిరునామాను ఆమె ఏడాది కిందటే రాసిచ్చింది. అందినట్టు వారే సంతకం చేసి ఉత్తరం కూడా ఇచ్చారు. అయినా పరీక్షకు రాలేదన్న కారణంతో లైసెన్సును ఆరు నెలలు సస్పెండు చేశారు. పాఠశాలకు అప్పుడు సెలవులు. రాబోయే సోమవారం తెరుస్తారు. ఆలోగా లైసెన్సు తిరిగి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని యాజమాన్యం కచ్చితంగా చెప్పింది. అప్పీలు పెట్టడానికి ఆఖరి రోజు బుధవారం. అప్పీళ్లు తీసుకునే కిటికీ మధ్యాహ్నం ఒంటిగంటకు మూస్తారు.

మంగళవారం సాయంత్రం దాకా పెద్ద వకీలు గారు ఆ అప్పీలును దిద్దుతూనే ఉన్నారు. పద్దెనిమిది పేజీలయింది. చిరునామా అందినట్టు ఇచ్చిన ఉత్తరమే దానికి ప్రాణం. దాని మూలప్రతి తాళం వేసిన పాఠశాల కార్యాలయంలో ఉంది. మా దగ్గరున్నది స్కాన్ చేసిన నకలు. అదీ, అప్పీలూ రెండూ ఉన్నది బీరువాలోనే.

ఆరవుతుండగా అక్క అడిగింది: "అచ్చు తీసుకుంటావా? కావాలంటే అరగంట ఆగుతాను."

"పొద్దున తీస్తానక్కా. ఎనిమిదిన్నరకి ఎలాగూ లేపుతాం కదా."

"పొద్దున నేనుండను. పన్ను పీకించుకోవాలి, పదకొండవుతుంది. ప్రోగ్రాము నువ్వే నడుపు. ఒకే ఒక ఆదేశం. మిగతాది అదే చూసుకుంటుంది. మధ్యలో వేలు పెట్టకు, అంతే."

వేలు అప్పటికే పెట్టి ఉన్నాను. ఆ సంగతి చెప్పలేదు.

ఆ ప్రోగ్రాము నడవడానికి ప్రతి ఉదయం నాలుగైదు నిమిషాలు పట్టేది. 'బీరువాకి చెప్పాను. ఎదురుచూస్తున్నాను' అని రాసి ఊరుకునేది. కాసేపటికి 'బీరువా లేచింది' అనేది. మళ్లీ గుమాస్తాకి అదే తంతు. ఆ మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్లినప్పుడు కోడ్ తెరిచి చూశాను. యంత్రాన్ని లేవమనే వరస ఒకటుంది. దాని కింద ఫలితం కోసం ఆగే వరస. ఆ కింద యంత్రం స్థితిని అడిగి, నడుస్తోందని తెలిస్తేనే ముందుకు సాగే వరసలు. లేవమన్నాక అది లేవకేం చేస్తుందనిపించింది. ఎదురుచూసే వరసలన్నీ తీసేశాను. నడిపి చూశాను కూడా. మూడు క్షణాల్లో మూడూ 'లేచింది' అని వచ్చాయి. నడిమధ్యాహ్నం అవి ఎలాగూ నడుస్తూనే ఉన్నాయనీ, మెలకువగా ఉన్నదాన్ని లేవమంటే ఏమీ అనదనీ, అది పరీక్షే కాదనీ తట్టలేదు. పోల్చడానికి ఎవరినీ పిలవలేదు. ఇక రోజూ పొద్దున అక్కకు నాలుగు నిమిషాలు మిగిల్చి పెడుతున్నానని మురిసిపోయాను.

బుధవారం ఎనిమిదిన్నరకు ఆదేశం ఇచ్చాను. బీరువా లేచింది, గుమాస్తా లేచింది, వాకిలి లేచింది. డ్రైవరమ్మకు ఫోను చేశాను.

"అంతా సిద్ధం. మీరు హడావిడి పడకండి, పదిన్నరకి వస్తే చాలు."

"తొమ్మిదికే బయల్దేరదామనుకున్నాను లాయరమ్మా."

"అక్కర్లేదండీ. అచ్చు తియ్యడమే మిగిలింది."

తర్వాత ఇంటివాడితో తగువు పడిన ఒక కక్షిదారుతో కూర్చున్నాను. పదిన్నరకు డ్రైవరమ్మ వచ్చింది, చేతిలో కంటి డాక్టరు ఇచ్చిన నివేదిక. నేను వాకిలి గుండా లోపలికి వెళ్లాను, గుమాస్తాను అప్పీలు అడిగాను. తన దగ్గర ఏ కాగితమూ లేదంది. వేరే కేసు అడిగాను. అదీ లేదు. ఏ కేసు అడిగినా ఖాళీ జాబితా. ప్రోగ్రామును మళ్లీ నడిపాను. బీరువా లేచిందని మూడు క్షణాల్లో చెప్పింది. ఇంకోసారి నడిపాను, అదే మాట. అబద్ధమాడేవాడికి ఇంత వేగం నేర్పింది నేనేనన్న అనుమానం అప్పుడు మొదలైంది.

"ఏమైంది?" అంది డ్రైవరమ్మ.

"కాగితాలు కనబడట్లేదండీ."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. "లాయరమ్మా, బస్సులో ముప్పై ఎనిమిది మంది పిల్లలు గోల చేస్తున్నా నాకు ఒళ్లు చల్లబడదు. ఇప్పుడు చల్లబడుతోంది."

పెద్ద వకీలు గారు వేరే కోర్టులో వాదనలో ఉన్నారు. అప్పీలంతా గుర్తు తెచ్చుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఉండగా, పదకొండూ పదికి, మెట్ల మీద ఆ నడక వినిపించింది.

అక్క ఎడమ దవడ ఉబ్బి ఉంది, నోట్లో దూది. వెనకే బావగారు, ఆవిడ సంచి పట్టుకుని.

"డాక్టరు గంటసేపు మాట్లాడొద్దన్నాడు" అన్నారాయన. "ముప్పై ఏళ్ల కాపురంలో నాకు దొరికిన మొదటి గంట. మీరు చెడగొట్టకండి."

చెడగొట్టక తప్పలేదు. జరిగింది చెప్పాను, తీసేసిన వరసలతో సహా. అక్క నా వైపు చూసింది. దూది లేకపోతే ఏమనేదో తెలియదు. కాగితం లాక్కుని రాసింది: 'లేవమంటే లైబ్రరీ ఇచ్చేది రసీదు. యంత్రం కాదు.'

పిటిషను తీసుకున్నట్టు ఇచ్చిన చీటీని చేతపట్టుకుని, స్టే వచ్చేసిందని సంబరపడే కక్షిదారులకు రోజూ చెప్పేది నేనే: ఇది అందినట్టు రసీదు మాత్రమేనండీ, ఉత్తర్వు తర్వాత వస్తుంది, అదెలా ఉంటుందో చూడాలి. ఆ చూసే వరసలనే నేను కొట్టేశాను.

అక్క నోటుపుస్తకం తెరవకుండానే ఆ వరసలు తిరిగి టైపు చేసి నడిపింది. 'బీరువాకి చెప్పాను. ఎదురుచూస్తున్నాను.' నలుగురమూ తెర వైపు చూస్తూ నిలబడ్డాం. అర నిమిషానికి జవాబు వచ్చింది: మీరడిగిన పరిమాణంలో యంత్రాన్ని నడపడానికి ఈ జోనులో ప్రస్తుతం చోటు లేదు, తర్వాత ప్రయత్నించండి. జోను అంటే మా యంత్రాలుండే ఆ పెద్ద భవనమే అనుకోవచ్చు. ఎనిమిదిన్నరకు వచ్చిన జవాబూ ఇదే అయ్యుండాలి. అది చదవడానికి అప్పుడు ప్రోగ్రాములో ఎవరూ లేరు.

"అంటే గదులన్నీ నిండిపోయాయన్నమాట" అన్నారు బావగారు. "సామాను లోపలే ఉంది, మనకి గది లేదు."

అక్క ఆయన్ని మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు ఆయనకు కొత్త. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ మళ్లీ రాసింది: 'చిన్న గది అడుగుదాం.'

ఆగి ఉన్న యంత్రానికి పరిమాణం మార్చవచ్చు. అందుకు లైబ్రరీలో వేరే ఫారం ఉంది. అక్క ఎప్పుడో నోటుపుస్తకంలో ఎత్తి రాసుకుంది, వాడే అవసరం మాత్రం రాలేదు. ఎనిమిది వరసలు టైపు చేసింది. నా చెయ్యి ఆదేశం మీదికి వెళ్లబోతే పెన్సిలుతో మెల్లగా ఒక దెబ్బ వేసి, తెర వైపు చూపించింది. చదవమని.

"అక్కా, పదకొండున్నరయింది."

పెన్సిలు అక్కడే ఉంది. పైకి చదివాను. చుక్క, బ్రాకెట్టు, కామా. ఆవిడ నోటుపుస్తకం మీద వేలు జరుపుకుంటూ వచ్చింది. అయిదో వరస దగ్గర నేనే ఆగాను.

"ఇక్కడ బీరువా అనుండాలి కదా? గుమాస్తా అనుంది."

అక్క కళ్లు మూసుకుని తెరిచింది. తొందరపాటు ఆవిడకూ తగిలిందని తెలిసి, నేను సంతోషించకూడదనుకుంటూనే కొంచెం సంతోషించాను. నడుస్తున్న గుమాస్తాకు పరిమాణం మార్చమంటే కంపెనీ ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోలేదో వెతుక్కోవడానికే ఉన్న సమయం అయిపోయేది.

"మావాళ్లు కూడా బండి తీసేముందు చుట్టూ తిరిగి చూడమంటారు" అంది డ్రైవరమ్మ. "చూడనివాళ్లే ఎక్కువ."

సరిచేసి నడిపాం. ఒక చిన్న పరిమాణం అడిగితే దానికీ చోటు లేదన్నారు. అంతకంటే చిన్నది, పాత రకానిది అడిగాం. 'ఎదురుచూస్తున్నాను' అన్న మాట మీద అలా నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి. బావగారు ఏదో అనబోయారు, అక్క వేలెత్తింది. నలభై క్షణాలకు ఫలితం వచ్చింది. ప్రోగ్రాము అంతటితో ఊరుకోకుండా యంత్రం స్థితిని అడిగింది, నడుస్తున్నానంది. అప్పుడు మాత్రమే రాసింది: 'బీరువా లేచింది.'

గుమాస్తాను ఆపి, బీరువా తెరిచి ఉందని దానికి తెలిసేలా మళ్లీ లేపాల్సి వచ్చింది. చిన్న గదిలో బీరువా తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. ఒక్కో పేజీ బయటికి రావడానికి బద్ధకించింది. పన్నెండూ అయిదుకు పద్దెనిమిది పేజీలూ, ఉత్తరం నకలూ చేతికొచ్చాయి. వేడి కాగితాలను అక్క తట్టి, అంచులు కలిపి, పేజీ సంఖ్యలు వేలితో లెక్కపెట్టి మరీ ఇచ్చింది. నేను గుంజుకోలేదు.

టాక్సీలో డ్రైవరమ్మ ముందు సీట్లో కూర్చుంది.

"ఎడమ పక్కకి తీసుకో నాయనా. ముందు సిగ్నలు దగ్గర మరమ్మతులు."

"మీరు నడుపుతారా ఏంటమ్మా?" అన్నాడు టాక్సీ అతను.

"అదే కదా ఇప్పుడు తేలాల్సింది" అంది ఆమె.

పన్నెండు నలభై మూడుకు కిటికీ ముందు నిలబడ్డాం. లోపలున్న ఉద్యోగి పెద్దాయన, బొటనవేలికి రబ్బరు తొడుగు. పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆఖరి నకలు దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి నెట్టి, కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఈ సంతకం నాదే."

"మీదేనా?" అన్నాను.

"నాదే. కొత్త చిరునామా నేనే తీసుకున్నాను. బాగా గుర్తు, ఆవేళ ఈవిడ నా పెన్ను పట్టుకెళ్లిపోయింది."

డ్రైవరమ్మ సంచి వెతికింది. పెన్ను దొరకలేదు. "మరి నోటీసు పాత ఇంటికి ఎందుకు పంపారండీ?"

"నోటీసులు పంపేది వేరే గదివాళ్లమ్మా" అని, చట్టం చదివిన నాకు అర్థమవుతుందన్నట్టు నా వైపు చూశాడు. నేను చెప్పదలచినది చాలా ఉంది. గడియారం చూసి మింగేశాను. ఆయన ముద్ర వేశాడు.

వరండాలోకి వచ్చి కేంద్రానికి ఫోను చేశాను. అక్కే ఎత్తింది. గంట అయిపోయినట్టుంది, మాట ముద్దగా వచ్చింది.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారక్కా. అక్కా, నేను ఆ వరసలు..."

"అది తర్వాత. రసీదు మీద తేదీ ఇవ్వాళ్టిదేనా?"

"ఇవ్వాళ్టిదే."

"నెంబరు చదువు. రాసుకుంటాను."

చదివాను. ఆవిడ తిరిగి చదివి వినిపించింది. ఒక అంకె తేడా వచ్చింది, దిద్దుకుంది. అవతల బావగారు ఏదో అంటున్నారు, ఆవిడ నవ్వబోయి దవడ పట్టుకున్నట్టుంది.

ఉత్తర్వు శుక్రవారం నాలుగు గంటలకు వచ్చింది. డ్రైవరమ్మ మా గదిలో అక్క బల్ల పక్కనే కూర్చుంది. నేను పైకి చదివాను: నోటీసు సరైన చిరునామాకు చేరలేదని కార్యాలయం సొంత రికార్డులే చెబుతున్నాయనీ, కంటి నివేదిక సంతృప్తికరంగా ఉందనీ, సస్పెన్షన్‌ను రద్దు చేస్తున్నామనీ. ఇంకా రెండు పేరాలు ఉండగానే ఆమె లేచి నిలబడింది.

"పూర్తిగా వినండి, ఇంకా ఉంది" అన్నాను.

"రద్దయిందా లేదా?"

"అయింది."

"మిగతాది మీరు చదువుకోండి. నేను బస్సు దగ్గరికి వెళ్లాలి. నెల రోజులుగా కదలకుండా ఉంది, బ్యాటరీ పట్టుకుంటుందో లేదో. సోమవారం ఏడుంపావుకి మొదటి పిల్ల ఎక్కుతుంది."